మన పిల్లలతోనే గెలవాలి: మిన్నెసోటా కాలేజీ హాకీని నడిపించిన కోచ్‌లు

మిన్నియాపోలిస్‌లో ఎంఎస్ చదివినవాళ్ళకీ అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళకీ మిన్నెసోటా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న ఐస్ హాకీ స్టేడియం తెలిసే ఉంటుంది. దానికి జాన్ మరియూచీ అనే పాత కోచ్ పేరు పెట్టారు. ఆయన అక్కడ 13 సీజన్లు కోచ్‌గా పనిచేసి ఒక్క జాతీయ టైటిల్ కూడా గెలవలేదు, రెండుసార్లు ఫైనల్ దాకా వెళ్ళి రెండుసార్లూ ఓడిపోయాడు. అదే టీముకి మూడు టైటిల్స్ తెచ్చి తర్వాత ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్‌నే ఓడించిన హెర్బ్ బ్రూక్స్ లాంటి కోచ్ కూడా ఉన్నాడు, అయినా స్టేడియం మాత్రం మరియూచీ పేరు మీదే ఉంది. ఎందుకు అంటే ఈ టీము చరిత్ర మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది, ఆ ప్రశ్న మొదట గట్టిగా అడిగింది ఆయనే కాబట్టి. టీములో ఎవరి పిల్లలు ఆడాలి?

మనకి ఇది కొత్త ప్రశ్నేం కాదు. రంజీ టీముల్లోకి వేరే రాష్ట్రం నుంచి ప్రొఫెషనల్స్‌ని తీసుకున్న ప్రతిసారీ మన కుర్రాళ్ళ చాన్స్ పోతోంది కదా అని ఒకరంటారు, బయటోడు వస్తేనే మనోడు నేర్చుకుంటాడు అని ఇంకొకరంటారు, ఈ వాదన తెగదు. మిన్నెసోటాలో అదే వాదన డెబ్భై ఏళ్ళ పైన నడిచింది, ఒక్కో కోచ్ ఒక్కో రకంగా దానికి జవాబు చెప్పాడు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఐస్ హాకీలో బంతి ఉండదు, పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. గోలీతో (అంటే గోల్‌కీపర్‌తో) కలిపి ఒక్కో వైపు ఆరుగురు, 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. టైటిల్ మ్యాచ్ టై అయితే ఓవర్‌టైమ్, అందులో ఎవరు ముందు గోల్ కొడితే వాళ్ళదే మ్యాచ్, అక్కడికక్కడే అయిపోతుంది. అమెరికా కాలేజీల జాతీయ టోర్నమెంట్ 1948లో మొదలైంది, చివరి నాలుగు టీముల ఘట్టాన్ని ఫ్రోజెన్ ఫోర్ అంటారు. మిన్నెసోటా టీముని గోఫర్స్ అంటారు.

మరియూచీది ఎవెలెత్ అనే చిన్న ఊరు, 1916లో పుట్టాడు. మిన్నెసోటా ఉత్తరాన ఇనుప ఖనిజం గనులు ఉన్న ప్రాంతాన్ని ఐరన్ రేంజ్ అంటారు, ఈ ఊరు అక్కడిదే. ఇటలీ, ఫిన్లాండ్, క్రొయేషియా, స్లొవేనియా నుంచి గని పనికి వచ్చిన కుటుంబాలు పక్కపక్క ఇళ్ళల్లో ఉండేవి. ఆ ఊళ్ళో 1922 నాటికే హిప్పోడ్రోమ్ అని పైకప్పు ఉన్న రింక్, అంటే ఐస్ హాకీ ఆడే మైదానం, కట్టేశారు, అంత చిన్న ఊరికి అది చాలా పెద్ద విషయం. కానీ పిల్లలు ఎక్కువగా నేర్చుకునేది బయట, ఆరుబయట ఐస్ మీద.

ఆ ఐస్ ఎలా తయారవుతుందో తెలిస్తే మిగతా కథ సులభంగా అర్థమవుతుంది. చలి బాగా ముదిరాక రాత్రిపూట పార్కులోనో స్కూలు గ్రౌండులోనో మంచుని తొక్కి చదును చేస్తారు, దాని మీద పైపుతో నీళ్ళు పలచగా పడతారు, అది గడ్డకట్టాక ఇంకో పొర, దాని మీద ఇంకో పొర. తొందరపడి ఒకేసారి ఎక్కువ నీళ్ళు పోస్తే పైన మాత్రమే గడ్డకట్టి లోపల బోలుగా ఉండిపోతుంది, స్కేట్ పడగానే పెంకులా పగిలిపోతుంది. అందుకని మైనస్ ఇరవైల చలిలో ఎవరో ఒక పెద్దమనిషి రాత్రంతా పైపు పట్టుకుని నిలబడాలి. మంచు కురిసిన ప్రతిసారీ పిల్లలే పారలు పట్టుకుని ఊడ్చుకోవాలి. పక్కన పొయ్యి వెలిగించిన చిన్న షెడ్డు ఉంటుంది, వేళ్ళు మొద్దుబారిపోతే అందులోకి వెళ్ళి కాసేపు కాళ్ళు కాచుకుని మళ్ళీ వచ్చేస్తారు. ఎవరూ జీతం తీసుకోని పని ఇది. ఒక ఊళ్ళో ఇలాంటి పెద్దమనుషులు పదిమంది ఉంటే ఆ ఊరి నుంచి ప్లేయర్లు వస్తారు, లేకపోతే రారు, అంతే లెక్క.

మరియూచీ ఆ ఐస్ మీద నుంచే మిన్నెసోటా యూనివర్సిటీకి వచ్చాడు. ల్యారీ ఆర్మ్‌స్ట్రాంగ్ కోచ్‌గా ఉన్న 1940 టీములో ఆడాడు, ఆ టీము ఆడిన 18 మ్యాచ్‌లూ గెలిచింది. అప్పటికి కాలేజీల జాతీయ టోర్నమెంట్ లేదు కాబట్టి వాళ్ళు గెలిచింది ఏఏయూ అనే అమెచ్యూర్ క్రీడా సంఘం ఇచ్చే జాతీయ టైటిల్. ఆ తర్వాత ఆయన చికాగో బ్లాక్ హాక్స్‌కి ఆడాడు, ఎన్‌హెచ్‌ఎల్ అనే అతిపెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగ్‌లో అమెరికాలో పుట్టిన ప్లేయర్లని వేళ్ళ మీద లెక్కపెట్టే రోజులవి. గొడవ వస్తే వెనక్కి తగ్గని డిఫెన్స్‌మన్‌గా పేరు. 1952లో తన కాలేజీకే కోచ్‌గా తిరిగొచ్చాడు.

వచ్చి చూస్తే అమెరికా కాలేజీ హాకీలో, ముఖ్యంగా పశ్చిమం వైపు, పెద్ద టీముల్లో ఆడుతున్నది ఎక్కువమంది కెనడా కుర్రాళ్ళు. దీనికి కారణం సూటిగానే ఉంది. అప్పట్లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నవి ఆరే టీములు, కెనడాలో జూనియర్ లీగులు ఆడి బయటికొచ్చే వందలమందిలో ఆ ఆరు టీముల్లో చోటు దొరికేది కొద్దిమందికే. మిగిలినవాళ్ళకి ఒక అమెరికన్ కాలేజీ స్కాలర్‌షిప్ ఇచ్చి చదువు చెప్పిస్తానంటే ఎందుకు కాదంటారు? అలా 20, 21 ఏళ్ళొచ్చి ఏళ్ళ తరబడి గట్టి జూనియర్ హాకీ ఆడిన మనిషి ఫస్టియర్‌లో చేరేవాడు, అతనికి ఎదురుగా నిలబడేది నిన్నటిదాకా హైస్కూల్లో ఆడిన 18 ఏళ్ళ మిన్నెసోటా కుర్రాడు. విక్ హేలిగర్ కోచ్‌గా మిచిగన్ 1948 నుంచి 1956 లోపు ఆరు టైటిల్స్ గెలిచింది. డెన్వర్‌లో ముర్రే ఆర్మ్‌స్ట్రాంగ్ 1958 నుంచి 1969 లోపు ఐదు గెలిచాడు. ఇద్దరూ కెనడా ప్లేయర్ల మీదే టీములు కట్టారు, రూల్స్ ప్రకారం అందులో తప్పేం లేదు కూడా.

మరియూచీ మాత్రం ఒప్పుకోలేదు. అమెరికా పన్నుల డబ్బుతో నడిచే యూనివర్సిటీలో అమెరికా పిల్లలకి చోటు లేకపోతే ఇక వాళ్ళు ఆట ఎక్కడ నేర్చుకుంటారు అనేది ఆయన వాదన. మొదటి సీజన్‌లోనే, 1953లో, దాదాపు సొంత రాష్ట్రం పిల్లలతో ఫైనల్‌కి వెళ్ళి మిచిగన్ చేతిలో 7-3తో ఓడిపోయాడు. 1954లో సెమీఫైనల్‌లో బోస్టన్ కాలేజీని 14-1తో చితక్కొట్టి ఫైనల్‌లో ఆర్‌పీఐ అనే చిన్న ఇంజినీరింగ్ కాలేజీ మీద ఓవర్‌టైమ్‌లో 5-4తో ఓడిపోయాడు, నెడ్ హార్క్‌నెస్ తయారుచేసిన ఆ టీము స్టార్లలోనూ కెనడావాళ్ళున్నారు. ఆ రెండు ఫైనల్స్ ఆడిన గోఫర్స్‌లో ముఖ్యుడు జాన్ మయాసిచ్, ఇతనిదీ ఎవెలెత్తే. ఎవెలెత్ హైస్కూల్ 1948 నుంచి 1951 దాకా వరసగా నాలుగేళ్ళు స్టేట్ టైటిల్ గెలిచింది, నాలుగింటిలోనూ అతనున్నాడు. గోఫర్స్‌కి 111 మ్యాచ్‌లలో 144 గోల్స్, అసిస్టులతో (వేరేవాళ్ళ గోల్‌కి అందించిన పాస్‌లతో) కలిపి 298 పాయింట్లు. అన్నేళ్ళు గడిచినా ఆ యూనివర్సిటీలో ఆ అంకెలని ఎవరూ దాటలేకపోయారు.

డెన్వర్‌తో గొడవ మాత్రం ముదిరిపోయింది. వయసు మీరిన కెనడా ప్లేయర్లతో ఆడే టీముతో మేం ఆడం అని మరియూచీ డెన్వర్‌ని షెడ్యూల్‌లోంచి తీసేసేదాకా వెళ్ళింది. 1958లో మిన్నెసోటా, మిచిగన్ వైపు కాలేజీలు బయటికి వచ్చేయడంతో అప్పటిదాకా నడిచిన పశ్చిమ లీగ్ కుప్పకూలింది, మళ్ళీ డబ్ల్యూసీహెచ్‌ఏ అనే పేరుతో కొత్త లీగ్ నిలబడటానికి ఏడాది పైన పట్టింది. ఒక కోచ్ పట్టుదల వల్ల ఏకంగా లీగే విరిగిపోవడం అంటే మామూలు విషయం కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మరియూచీకి కెనడావాళ్ళంటే పడదు అనుకుంటే పొరపాటు, ఆయన టీముల్లోనే కెనడావాళ్ళున్నారు. విన్నిపెగ్ నుంచి వచ్చిన ముర్రే విలియమ్సన్ ఆయన దగ్గర ఆల్-అమెరికన్ అయ్యాడు, అంటే దేశంలోని ఉత్తమ కాలేజీ ప్లేయర్ల జాబితాకి ఎక్కాడు, తర్వాత 1968, 1972 ఒలింపిక్స్‌లో అమెరికా టీముకి కోచ్ కూడా అతనే. సూ సెయింట్ మేరీ నుంచి వచ్చిన లూ నాన్నే కూడా అంతే, ఆల్-అమెరికన్ అయ్యి, అమెరికా పౌరసత్వం తీసుకుని, 1968 ఒలింపిక్ టీముకి కెప్టెన్ అయ్యాడు. మరియూచీ అడిగింది బయటోడు అసలు రావొద్దు అని కాదు, సీట్లన్నీ బయటోళ్ళకే పోతే లోపల ఉన్నవాడు ఎప్పటికీ తయారవ్వడు అని. ఆ తేడాని తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది మర్చిపోయారు, ఈ టీము కష్టాల్లో సగం అక్కడి నుంచే వచ్చాయి.

ఆయన చేసిన అసలు పని మ్యాచ్ రోజున కనపడేది కాదు. రాష్ట్రమంతా తిరిగి ఊళ్ళల్లో రింకులు కట్టించండి, హైస్కూళ్ళల్లో టీములు పెట్టండి అని వెంటపడ్డాడు, తన దగ్గర ఆడి డిగ్రీ అయిపోయినవాళ్ళు ఆ స్కూళ్ళకి కోచ్‌లుగా వెళ్ళారు. ఆయన శిష్యుడు బాబ్ జాన్సన్ అలాగే మిన్నెసోటా హైస్కూళ్ళల్లో కోచింగ్ మొదలుపెట్టి తర్వాత పక్క రాష్ట్రం విస్కాన్సిన్ యూనివర్సిటీకి మూడు టైటిల్స్ తెచ్చాడు, చివరికి 1991లో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌తో ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ కూడా గెలిచాడు. హెర్బ్ బ్రూక్స్ ఆయన దగ్గర ఆడినవాడే, డగ్ వూగ్ కూడా. 1956లో కార్టినా ఒలింపిక్స్‌కి అమెరికా టీముని మరియూచీయే తీసుకెళ్ళాడు, ఆ ఒక్క సీజన్ కాలేజీకి సెలవు పెట్టాడు. అక్కడ కెనడాని 4-1తో ఓడించారు, అందులో మయాసిచ్ మూడు గోల్స్ కొట్టాడు, చివరికి వెండి పతకంతో తిరిగొచ్చారు. కాలేజీలో ఏ కెనడావాళ్ళ మీద ఓడిపోతూ వచ్చాడో ఆ దేశం మీదే ఎవెలెత్ కుర్రాడు హ్యాట్రిక్ కొట్టడం ఆయనకి ఎంత తృప్తినిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

1966లో ఆయన తప్పుకున్నాక గ్లెన్ సాన్మోర్ వచ్చాడు, 1971లో ఫైనల్ దాకా తీసుకెళ్ళి బోస్టన్ యూనివర్సిటీ మీద 4-2తో ఓడి, కొత్తగా పుట్టిన ప్రొఫెషనల్ లీగ్‌లోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి సీజన్ టీము లీగ్‌లో అట్టడుగున పడింది. అప్పుడు, 1972లో, బ్రూక్స్‌ని పిలిచారు.

బ్రూక్స్ గురించి 1980 ఒలింపిక్స్ సంగతే అందరికీ తెలుసు, కానీ ఆ మనిషిని తయారుచేసింది 1960. ఆ ఏడాది ఒలింపిక్స్‌కి వెళ్ళే అమెరికా టీములో ఆఖరున పేరు కొట్టేసింది ఇతనిదే. బోస్టన్ వైపు నుంచి బిల్ క్లియరీ, బాబ్ క్లియరీ అనే అన్నదమ్ములు చివర్లో టీములోకి రావడంతో ఇతనికి చోటు పోయింది, ఆ టీము వెళ్ళి బంగారు పతకం గెలుచుకొచ్చింది, ఇతను సెయింట్ పాల్‌లో ఇంట్లో కూర్చుని చూశాడు. ఆ క్లియరీ పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఆఖరున ఉన్న టీముని తీసుకుని రెండో సీజన్‌లోనే, 1974లో, బ్రూక్స్ జాతీయ టైటిల్ కొట్టాడు, ఫైనల్‌లో మిచిగన్ టెక్ మీద 4-2. గోఫర్స్‌కి అదే మొదటి టైటిల్, అదీ మొత్తం సొంత రాష్ట్రం కుర్రాళ్ళతో. మరియూచీ ఇరవై ఏళ్ళ కిందట మొదలుపెట్టినప్పుడు ఇది కుదరదు అన్నవాళ్ళే ఎక్కువ. తేడా ఎక్కడొచ్చింది అంటే, మధ్యలో గడిచిన ఆ ఇరవై ఏళ్ళల్లో రాష్ట్రంలో రింకులు పెరిగాయి, స్కూల్ టీములు పెరిగాయి, ఎంచుకోవడానికి కుర్రాళ్ళు వందల్లో దొరికారు. బ్రూక్స్ గొప్ప కోచ్ అన్నదాంట్లో సందేహం లేదు, కానీ ఆయన చేతికి వచ్చిన పంట వేరేవాళ్ళు వేసింది.

ఆయన పద్ధతి మాత్రం మరియూచీది కాదు. మరియూచీతో ప్లేయర్లు నవ్వుతూ మాట్లాడేవాళ్ళు, బ్రూక్స్ అంటే భయపడేవాళ్ళు. ప్లేయర్లకి కావాలనే దూరంగా ఉండేవాడు, ఎవరికీ తన చోటు ఖాయం అనిపించనిచ్చేవాడు కాదు, యూరప్ టీముల్లా పాసింగ్‌తో కదులుతూ ఆడించాలి అని తపించేవాడు. 1976 సెమీఫైనల్‌లో బోస్టన్ యూనివర్సిటీతో ఆట మొదలైన కాసేపటికే రెండు బెంచీలూ ఖాళీ అయ్యేంత కొట్లాట జరిగింది, ఆ మ్యాచ్ 4-2తో గెలిచి ఫైనల్‌లో మళ్ళీ మిచిగన్ టెక్‌నే 6-4తో ఓడించారు. 1979లో నార్త్ డకోటా మీద 4-3, అందులో గెలుపు గోల్ ఫస్టియర్ కుర్రాడు నీల్ బ్రాటెన్‌ది. ఏడు సీజన్లు, మూడు టైటిల్స్.

1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌కి బ్రూక్స్ కోచ్‌గా వెళ్ళిన అమెరికా టీములో 20 మంది ఉంటే అందులో తొమ్మిది మంది గోఫర్స్, మిన్నెసోటా రాష్ట్రం వాళ్ళు మొత్తం 12 మంది. మిగతావాళ్ళలో నలుగురు బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు, అంటే 1976 కొట్లాట రెండు వైపుల నుంచీ ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లోకి వచ్చి కూర్చుంది. ఫిబ్రవరి 22న సోవియట్ యూనియన్ మీద 4-3, రెండు రోజుల తర్వాత ఫిన్లాండ్ మీద 4-2, బంగారం. సోవియట్ మీద గెలుపు గోల్ బోస్టన్ కుర్రాడు మైక్ ఎరుజియోనీది, అంతకుముందు రెండు గోల్స్ మార్క్ జాన్సన్‌వి, అతను విస్కాన్సిన్ కోచ్ బాబ్ జాన్సన్ కొడుకు. అంటే మరియూచీ ఒక శిష్యుడు కోచ్, ఇంకో శిష్యుడి కొడుకు టాప్ ప్లేయర్. ఆ మ్యాచ్‌ని మిరకిల్ అంటారు గానీ ఎవెలెత్ హిప్పోడ్రోమ్ నుంచి లెక్కేస్తే దాని వెనక ఎన్ని చలికాలాల పని ఉందో కనిపిస్తుంది.

బ్రూక్స్ తర్వాత బ్రాడ్ బ్యూటో ఆరు సీజన్లు చేశాడు, 1981లో ఫైనల్‌కి వెళ్ళి బాబ్ జాన్సన్ విస్కాన్సిన్ చేతిలోనే 6-3తో ఓడాడు. 1985లో డగ్ వూగ్ వచ్చాడు.

వూగ్ గురించి రాసేటప్పుడు జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే ఆయనకి దక్కాల్సినంత గౌరవం దక్కలేదు. సౌత్ సెయింట్ పాల్ కుర్రాడు, మరియూచీ దగ్గర ఆల్-అమెరికన్. 14 సీజన్లలో 389 విజయాలు, ఆరుసార్లు చివరి నాలుగింట్లో చోటు, ఒక్క టైటిల్ లేదు. మరియూచీ మాటని మరియూచీ కంటే కఠినంగా పాటించిన కోచ్ ఈయనే. ఏళ్ళ తరబడి టీములో ఒక్క బయటి రాష్ట్రం కుర్రాడిని కూడా తీసుకోలేదు. ఊళ్ళల్లో జనం దాన్ని గర్వంగా చెప్పుకునేవాళ్ళు. మరియూచీ 1987లో చనిపోయాడు, తన శిష్యుడి చేతిలో తన మాట అంత పదిలంగా ఉండటం ఆయన కళ్ళారా చూసే పోయాడు.

1989 ఫైనల్ సెయింట్ పాల్‌లో, అంటే సొంతగడ్డ మీద, హార్వర్డ్‌తో. 3-3 దగ్గర ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది. గోఫర్స్ డిఫెన్స్‌మన్ ర్యాండీ స్కార్డా కొట్టిన షాట్ గోలీని దాటి నేరుగా వెళ్ళి గోల్‌పోస్ట్‌కి తగిలింది, ఖంగుమన్న ఆ చప్పుడు స్టేడియం అంతా విన్నది, ఒక్క అంగుళం లోపలికి తగిలి ఉంటే కథ వేరే. పక్ బయటికి వచ్చేసింది, కాసేపట్లో హార్వర్డ్ అవతల గోల్ కొట్టేసింది, 4-3. హార్వర్డ్ కోచ్ ఎవరంటే బిల్ క్లియరీ, 1960లో బ్రూక్స్ చోటు పోవడానికి కారణమైన అన్నదమ్ముల్లో ఒకడు. ఆ ఓటమిని పాత ఫ్యాన్స్ ఇప్పటికీ పోస్ట్ అనే ఒక్క మాటతో చెప్పుకుంటారు.

అయితే వూగ్‌కి టైటిల్ రాకపోవడానికి దురదృష్టం ఒక్కటే కారణం కాదు. రాష్ట్రంలో ప్లేయర్లు పెరిగిన మాట నిజమే, కానీ వాళ్ళని పంచుకునే కాలేజీలు కూడా పెరిగాయి. డులూత్ ముందు నుంచే ఉంది. సెయింట్ క్లౌడ్ 1987లో పై డివిజన్‌కి వచ్చింది, ఆ మెట్టు ఎక్కడానికి 1986-87లో ఒక్క సీజన్ కోచ్‌గా వెళ్ళి నిలబడింది హెర్బ్ బ్రూక్సే. తర్వాత మన్‌కేటో, బెమిడ్జీ కూడా వచ్చాయి. మరియూచీ సిద్ధాంతం ప్రకారం చూస్తే ఇది పెద్ద విజయం, మిన్నెసోటా పిల్లలకి ఒకటి కాదు అయిదు చోట్ల సీట్లు. కానీ గోఫర్స్ కోచ్ కుర్చీలోంచి చూస్తే ఇంతకుముందు తనకే వచ్చే కుర్రాళ్ళు ఇప్పుడు అయిదు దారుల్లో పోతున్నారు, మరోపక్క మిచిగన్, బోస్టన్ టీములు దేశమంతా, కెనడా అంతా వెతుకుతున్నాయి. ఒకే చెరువులో అయిదు వలలు పడుతున్నప్పుడు తను మాత్రం ఆ చెరువు దాటి వెయ్యను అని కూర్చోవడం అన్నమాట.

1999లో వచ్చిన డాన్ లూషా ఆ గీత దాటాడు. లూషాది కూడా ఐరన్ రేంజ్ పక్కనే గ్రాండ్ రాపిడ్స్ అనే ఊరు, కాకపోతే నోటర్ డేమ్‌లో చదివాడు, అలాస్కాలోనూ కొలరాడో కాలేజీలోనూ కోచింగ్ చేసి వచ్చాడు, అంటే ఊరివాడే గానీ బయట తిరిగినవాడు. ఆయన తీసుకున్న మొదటి బయటి కుర్రాడు గ్రాంట్ పొటుల్నీ, అదీ ఎక్కడి నుంచి, గ్రాండ్ ఫోర్క్స్ నుంచి, బద్ధశత్రువు నార్త్ డకోటా యూనివర్సిటీ ఉన్న ఊరి నుంచి. చాలామందికి మింగుడుపడలేదు. ఒక్కడితో మొదలైతే తర్వాత అందరూ బయటోళ్ళే అవుతారు అన్నారు.

2002 ఏప్రిల్, ఫైనల్ మళ్ళీ సెయింట్ పాల్‌లోనే, ఎదురుగా మెయిన్ అనే రాష్ట్రం యూనివర్సిటీ. ఇంకో నిమిషం కూడా లేదు, 3-2తో మెయిన్ ముందుంది. లూషా గోలీని బయటికి పిలిచేసి ఆరో స్కేటర్‌ని దింపాడు, గోల్ ఖాళీగా వదిలేసి అందరూ ముందుకే అన్నమాట, చివరి ప్రయత్నంగా అన్ని టీములూ చేసేదే. 53 సెకన్లు ఉండగా మ్యాట్ కోవాల్స్కా కొట్టేశాడు, 3-3. ఓవర్‌టైమ్ దాదాపు 17 నిమిషాలు సాగింది. మెయిన్ వాళ్ళకి పెనాల్టీ పడి ఒక మనిషి తక్కువైన సమయంలో గోల్ ముందు కర్రలూ కాళ్ళూ కలిసిపోయిన గుంపులోంచి పక్‌ని లోపలికి నెట్టింది పొటుల్నీ. 23 ఏళ్ళ తర్వాత టైటిల్. ఆ టీములో మిన్నెసోటా రాష్ట్రానికి చెందనివాడు అతనొక్కడే.

ఇక్కడ చాలామంది ఒక తొందరపాటు తీర్పు ఇచ్చేస్తారు, చూశారా బయటోడు వచ్చాకే టైటిల్ వచ్చింది, మరియూచీది మూఢనమ్మకం అని. అది సరైన లెక్క కాదు. ఆ టీములో మిగతావాళ్ళందరూ మిన్నెసోటా వాళ్ళే, ఆ ఏడాది దేశంలోనే అత్యుత్తమ కాలేజీ ప్లేయర్‌గా హోబీ బేకర్ అవార్డు తీసుకున్న జోర్డన్ లియోపోల్డ్ ఆ రాష్ట్రం కుర్రాడే, ఎక్కువ పాయింట్లు కొట్టిన జానీ పోల్ రెడ్ వింగ్ ఊరివాడు. పొటుల్నీ చివరి ఇటుక పెట్టాడు, గోడ మాత్రం మరియూచీ లెక్క ప్రకారమే కట్టి ఉంది. ఆ గోడే లేకపోతే ఆ ఇటుక ఎక్కడ పెడతారు?

2003లో లూషా ఇంకో అడుగు వేశాడు, ఆస్ట్రియా నుంచి వచ్చిన థామస్ వానెక్ ఫస్టియర్‌లోనే 31 గోల్స్ కొట్టాడు, సెమీఫైనల్‌లో మిచిగన్ మీద ఓవర్‌టైమ్ గోల్ అతనిదే, ఫైనల్‌లో న్యూ హాంప్‌షైర్ మీద 5-1. వరసగా రెండేళ్ళు టైటిల్ గెలవడం 1971, 1972 బోస్టన్ యూనివర్సిటీ తర్వాత అప్పటిదాకా ఎవరికీ కుదరలేదు. అదే 2003 ఆగస్టులో హెర్బ్ బ్రూక్స్ కారు ప్రమాదంలో చనిపోయాడు.

ఆ తర్వాత దారి తెరుచుకుంది గానీ టైటిల్ మాత్రం రాలేదు. 2006లో మొదటి రౌండ్‌లోనే హోలీ క్రాస్ అనే చిన్న కాలేజీ మీద ఓవర్‌టైమ్‌లో ఓడిపోయారు, 2014 ఫైనల్‌లో యూనియన్ కాలేజీ మీద 7-4తో. రెండిటికీ గోఫర్స్‌కి ఉన్న పేరులో, డబ్బులో పదో వంతు కూడా లేదు. 2013లో బిగ్ టెన్ హాకీ లీగ్ పెట్టడంతో గోఫర్స్ పాత డబ్ల్యూసీహెచ్‌ఏని వదిలి వెళ్ళిపోయారు, దాంతో నార్త్ డకోటా, డులూత్, సెయింట్ క్లౌడ్‌లతో ప్రతి ఏడాదీ ఆడే పాత పగల మ్యాచ్‌లు తగ్గిపోయాయి. టీవీ డబ్బుల లెక్కలో అది సరైన నిర్ణయం కావచ్చు, ఫ్యాన్స్‌కి మాత్రం అది మానని గాయం. పైగా 2011, 2018, 2019లో డులూత్ మూడు టైటిల్స్ గెలిచింది, ఐరన్ రేంజ్‌లోని హిబ్బింగ్‌లో పెరిగిన స్కాట్ శాండెలిన్ దాని కోచ్. మరియూచీ వేసిన చెట్టు కాయలు పక్కింటి దొడ్లో పడ్డాయి.

ఇంతసేపూ మగవాళ్ళ టీము సంగతే చెప్పుకున్నాం గానీ ఇదే యూనివర్సిటీ ఆడవాళ్ళ టీము 2012-13 సీజన్‌లో ఆడిన 41 మ్యాచ్‌లూ గెలిచింది, బ్రాడ్ ఫ్రాస్ట్ కోచ్, మూడు సీజన్ల మీదుగా వరసగా 62 విజయాలు. అమెరికాలో హైస్కూల్ అమ్మాయిల హాకీని అధికారిక ఆటగా గుర్తించిన మొదటి రాష్ట్రం మిన్నెసోటా, 1994లో. ముందు స్కూళ్ళల్లో ఐస్ మీద టైమ్ ఇవ్వాలి, గెలుపు తర్వాత వస్తుంది అనే అదే సూత్రం.

2018లో బాబ్ మోట్స్కో వచ్చాడు, సెయింట్ క్లౌడ్‌లో పేరు తెచ్చుకుని, 2017లో అమెరికా జూనియర్ టీముకి వరల్డ్ టైటిల్ తెచ్చిన కోచ్. 2023లో ఆయన టీములో పెన్సిల్వేనియా నుంచి లోగన్ కూలీ, అరిజోనా నుంచి మాథ్యూ నైస్, సొంత రాష్ట్రం నుంచి జిమ్మీ స్నగ్గరుడ్, అందరూ ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎంపికైనవాళ్ళే. టాంపాలో ఫైనల్, క్విన్నిపియాక్ మీద 2-0 ఆధిక్యం, మూడో పీరియడ్ చివరికి వచ్చేసరికి 2-1. 2 నిమిషాల 47 సెకన్లు మిగిలి ఉండగా, గోలీని తీసేసి ఆడుతున్న క్విన్నిపియాక్ సమం చేసింది. ఓవర్‌టైమ్ మొదలైన పదో సెకనుకి జేకబ్ క్విలన్ గోల్ కొట్టేశాడు. పది సెకన్లు, కుర్చీల్లో సరిగ్గా కూర్చోను కూడా లేదు చాలామంది.

ఇప్పుడు వాదన మళ్ళీ మొదటికి వచ్చింది. కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడినవాళ్ళని ప్రొఫెషనల్స్ కింద లెక్కేసి దశాబ్దాల పాటు కాలేజీ హాకీలోకి రానివ్వలేదు, 2024 నవంబరులో ఆ రూల్ మార్చారు, 2025 ఆగస్టు 1 నుంచి వాళ్ళూ ఆడొచ్చు. వెంటనే గావిన్ మెకెన్నా లాంటి కెనడా టాప్ జూనియర్ పెన్ స్టేట్‌లో చేరిపోయాడు. మిన్నెసోటా హైస్కూల్ నుంచి వచ్చే 18 ఏళ్ళ కుర్రాడికి ఎదురుగా మళ్ళీ 19, 20 ఏళ్ళు వచ్చి గట్టి జూనియర్ హాకీ ఆడిన కెనడా కుర్రాడు నిలబడ్డాడు, 1950ల్లో లాగే. ఇంకో ఏడాదో రెండేళ్ళో వేరే ఊరికి వెళ్ళి జూనియర్ లీగ్‌లో ఆడి రా, అప్పుడు చూద్దాం అని కోచ్‌లు మిన్నెసోటా కుర్రాళ్ళకి చెప్పేది ఇంకా పెరుగుతుంది. ఎవెలెత్‌లో గనుల పని తగ్గి జనం తగ్గారు, వరసగా నాలుగు స్టేట్ టైటిల్స్ గెలిచిన ఆ హైస్కూల్ ఇప్పుడు విడిగా లేదు, పక్క ఊరు వర్జీనియాతో కలిసి రాక్ రిడ్జ్ అనే ఒకే స్కూల్ అయ్యింది. హిప్పోడ్రోమ్ మాత్రం ఇంకా నిలబడే ఉంది.